కాశిమేడు ఒడ్డు నుంచి సి. రాజామోహన్ గారికి

ఆచార్య సి. రాజామోహన్ గారికి,



మీరు నన్నెరగరు. మౌంట్ రోడ్డు నుంచి వచ్చే 'ది హిందూ' పుణ్యమా అని నేను మాత్రం మిమ్మల్ని చాలాకాలంగా ఎరుగుదును. మీరు ఆ పేపరుకు వాషింగ్టన్ నుంచి, తర్వాత ఢిల్లీ నుంచి రాసేవారు. తెల్లారేసరికి అది మా గుమ్మంలో ఉండేది. 1998 మేలో పోఖరాన్ పరీక్షలు జరిగాక ఇక్కడ చెన్నై రాయపురంలో టీ కొట్ల దగ్గర ఒకటే సంబరం. ఆ సందడిలో కూడా, బాంబు పేలింది సరే, రేపటి నుంచి ఎవరితో ఏం మాట్లాడాలి అన్న లెక్క వేసే వ్యాసాల కోసం వెతుక్కుని చదివేవాణ్ణి. మీ పేరు అప్పుడే గుర్తుండిపోయింది. బడిపంతులు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. దౌత్యం నా సబ్జెక్టు కాదు. అయినా ఈ ఉత్తరం మీకే రాయాల్సి వచ్చింది.

కారణం మా వీధిలో ఉండే ఒక అమ్మాయి. బీఏ చివరి ఏడాదిలో ఉంది. తండ్రిది శ్రీకాకుళం జిల్లా తీరం. ఇక్కడి కాశిమేడు చేపల రేవు నుంచి మరబోట్ల మీద వేటకు వెళ్తాడు. "టీవీలో చైనా గురించీ పాకిస్తాన్ గురించీ మాట్లాడేవాళ్ళు ఏం చదువుకుంటారు మాస్టారూ? ఆ చదువు ఎక్కడ చెప్తారు?" అని అడిగింది. టీవీలో అరిచేవాళ్ళు వేరమ్మా, ఆ విషయాన్ని కూర్చుని చదివేవాళ్ళు వేరు అని, మీ గురించి చెప్పాను. "తెలుగాయనేనా?" అంది. అవునన్నాను. "అయితే అక్కడిదాకా ఎలా వెళ్ళారో తెలుగులో రాశారా?" అంది.

దానికి జవాబు మీరే చెప్పాలి. ఈలోగా నేను చెప్పింది ఇది.

ఆంధ్రా యూనివర్సిటీలో అణు భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఆ తర్వాత ఢిల్లీ జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ. ఆ పిల్ల అక్కడే నన్ను ఆపేసింది. ఫిజిక్స్ చదివినాయన ఇటు ఎలా వచ్చారు, దారి తప్పారా అని. తప్పలేదు, ఆ రోజుల్లో దారే అది అన్నాను. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డాక యుద్ధం గురించి ఆలోచించే పని ఒక్క సైన్యాధిపతులతో తీరేది కాకుండా పోయింది. బాంబు చేసినవాళ్ళే దాన్ని ఎలా ఆపాలా అని తలపట్టుకున్నారు. 1955లో రసెల్, ఐన్‌స్టీన్ కలిసి ప్రకటన ఇచ్చారు. 1957లో కెనడాలోని పగ్వాష్ అనే చిన్న ఊళ్ళో శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. ఆ ఊరి పేరే ఉద్యమానికి స్థిరపడింది. దాని భారత శాఖకు మీరు కన్వీనరుగా పనిచేశారు. ఇక మన దేశం సంగతి: 1962లో చైనా చేతిలో దెబ్బ తిన్నాం, 1964 అక్టోబరులో చైనా బాంబు పేల్చింది, 1965 నవంబరులో ఢిల్లీలో రక్షణ అధ్యయనాల సంస్థ ఐడీఎస్‌ఏ పుట్టింది. రియాక్టరంటే ఏమిటో, ప్లుటోనియం ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాడు ఒప్పందం కాగితం చదివితే, ఏ వాక్యం వెనక ఏ యంత్రం దాగి ఉందో పట్టుకోగలడు. మీ చదువు మీకు అక్కరకొచ్చింది అక్కడే.

మా ఊరికి కూడా ఇందులో కొంత వాటా ఉంది. ఐడీఎస్‌ఏని రెండు దఫాలు నడిపిన కె. సుబ్రహ్మణ్యం తిరుచిరాపల్లిలో పుట్టి, ఇక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో కెమిస్ట్రీ చదివి, 1951లో ఐఏఎస్‌కు ఎంపికైన మనిషి. మన భద్రతా చింతనకు ఆయనే పెద్దదిక్కు. ఆయన సంస్థలోనే మీరూ పరిశోధకులుగా ఉన్నారు. కెమిస్ట్రీ ఆయనా, ఫిజిక్స్ ఆయనా కలిసి మన విదేశాంగానికి లెక్కలు నేర్పారంటే ఆర్ట్సు వాళ్ళం కాస్త నొచ్చుకోవాల్సిందే. ఇంకో సంగతి, సందర్భం కాకపోయినా చెప్పేస్తాను. ఆయన కొడుకుల్లో ఒకరు విదేశాంగ మంత్రి అని అందరికీ తెలుసు. ఇంకొకరు, చరిత్రకారుడు సంజయ్ సుబ్రహ్మణ్యం, ఈ కోరమాండల్ తీరపు వర్తకం మీద పుస్తకం రాశారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్‌మన్‌లతో కలిసి నాయకరాజుల కాలం మీద పనిచేశారు. తండ్రి ఢిల్లీలో కూర్చుని సరిహద్దులు చూశారు, కొడుకు మచిలీపట్నం రేవు చూశారు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. దాని కారణం కింద చెప్తాను.

మిగతా మీ ప్రయాణం గబగబా చెప్పాను. ఐడీఎస్‌ఏ, తర్వాత 'ది హిందూ'లో వ్యూహాత్మక వ్యవహారాల సంపాదకత్వం, జేఎన్‌యూలో దక్షిణాసియా ఆచార్య పదవి, సింగపూరు నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలోని రాజరత్నం స్కూలు, 2009-10లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కిసింజర్ పీఠం, 2016లో కార్నెగీ ఇండియాకు తొలి డైరెక్టరు, 2018లో మళ్ళీ సింగపూరు, ఆ తర్వాత ఢిల్లీలో ఆసియా సొసైటీ. మధ్యలో జాతీయ భద్రతా సలహా మండలి సభ్యత్వం. పక్కనే బియ్యం ఏరుతున్న ఆ పిల్ల తల్లి అంతా విని, "ఒక్కచోట నిలకడ లేని ఉద్యోగమా?" అంది. నవ్వొచ్చింది గానీ ప్రశ్న మంచిదే. ఈ వృత్తిలో ఆ తిరుగుడే చదువేమో అనిపిస్తుంది నాకు. పేపరువాడికి సాయంత్రంలోగా వెయ్యి మాటలు కావాలి. యూనివర్సిటీలో ప్రతి మాటకూ ఆధారం చూపాలి. ప్రభుత్వ కమిటీ అర పేజీకి మించి చదవదు. ఈ మూడు రకాల పాఠకులకూ రాయడం వచ్చినవాడు మన దేశంలో అరుదు. యూనివర్సిటీ పెద్దలు కొందరికి పేపరు కాలమంటే చిన్నచూపు. నేను ఒప్పుకోను. 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్'లో మీరు 'రాజ మండల' పేరుతో రాసిన కాలమ్ ఎందరు కుర్రాళ్ళను ఈ సబ్జెక్టు వైపు లాగిందో, ఎన్ని పరిశోధనా పత్రాలు కలిపినా అంతమందిని లాగలేవు.

పుస్తకాలూ అంతే. 2003లో 'క్రాసింగ్ ద రూబికాన్': ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక భారతదేశం ఆదర్శాల బరువు దించుకుని తన లాభనష్టాలు చూసుకోవడం ఎలా నేర్చుకుందో చెప్పారు. 2006లో 'ఇంపాసిబుల్ అలైస్': అమెరికాతో అణు ఒప్పందం కథ. 2012లో 'సముద్ర మంథన్': భారత్, చైనాల పోటీ హిమాలయాల నుంచి దిగి రెండు మహాసముద్రాల మీదికి ఎలా పాకుతోందో, మధ్యలో అమెరికా ఎక్కడ నిలబడిందో వివరించారు. 2015లో 'మోదీస్ వరల్డ్'. నాలుగూ ఇంగ్లీషువే. 2008లో అణు ఒప్పందం మీద ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడి 275-256 ఓట్లతో గట్టెక్కింది కదా, ఆ జులైలో ఇక్కడి లైబ్రరీలో ఎర్రజెండా మిత్రులతో వాదించడానికి మీ వాదనలే వాడుకున్నాను. వాళ్ళు ఒప్పుకోలేదనుకోండి.

మీతో నాకున్న పేచీ మూడో పుస్తకం దగ్గర. అది తప్పుల గురించిన పేచీ కాదు. దాని విషయం నౌకాదళాలు, రాజ్యాలు. ఆ విషయానికి అది న్యాయం చేసింది. కానీ నేను సముద్రాన్ని రోజూ చూసేది కాశిమేడు ఒడ్డు నుంచి. ఇక్కణ్ణుంచి చూస్తే 'అంతర్జాతీయ భద్రత' అనే మాటకు వేరే కొలతలు కనిపిస్తాయి.

2018 నవంబరు తీసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడ్డారు. కరాచీ జైల్లో పెట్టారు. వాళ్ళు లోపల ఉండగా 2019 ఫిబ్రవరిలో పుల్వామా జరిగింది, బాలాకోట్ జరిగింది, ఆగస్టులో 370 అధికరణం పోయింది. ఒక్కో వార్తకూ ఢిల్లీలో విశ్లేషణలు వెల్లువెత్తాయి. శ్రీకాకుళం పల్లెల్లో మాత్రం ఒకటే ప్రశ్న: మావాళ్ళు ఇక వస్తారా? 2020 జనవరిలో ఇరవైమందిని వాఘా దగ్గర అప్పగించారు. 2025లో 'తండేల్' సినిమా వచ్చాకే మన తెలుగువాళ్ళలో చాలామందికి ఇదొక కథ ఉందని తెలిసింది. సినిమా ప్రేమకథ చెప్పింది, దాని పని అది. కానీ గుజరాత్ అంచున సర్ క్రీక్ దగ్గర సముద్ర సరిహద్దు ఎందుకు తేలలేదు, నీటి మీద గీత ఎవరికి కనిపిస్తుంది, 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయని, అందులో మత్స్యకారులకు విడిగా లెక్క ఉంటుందని, యుద్ధం అంచున ఉన్నప్పుడు కూడా ఆ కాగితం ఆగదని చెప్పే పుస్తకం తెలుగులో ఉంటే ఆ పల్లెల్లో ఎంత ధైర్యం ఉండేది! రెండు అణ్వస్త్ర దేశాల మధ్య ఏడాదికి రెండుసార్లు చేతులు మారే ఆ జాబితా మీద ఒక మంచి పీహెచ్‌డీ రాయొచ్చు. రాయగలిగే పిల్ల మా వీధిలోనే ఉంది.

ఇంకొకటి. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవాళ్ళు వచ్చింది 'కుబేర్' అనే చేపల పడవను లాక్కుని. ఆ రోజు నుంచి దేశంలోని ప్రతి చేపల పడవా అనుమానించదగ్గదే అయింది. వేలిముద్రల కార్డులు, పడవలకు రిజిస్ట్రేషన్లు, మెరైన్ పోలీసు ఠాణాలు, ఇప్పుడు ట్రాన్స్‌పాండర్లు వచ్చాయి. అవసరమే, కాదనను. పైగా సముద్రంలో కొత్త ముఖాన్ని మొదట గుర్తుపట్టేది జాలరే. భద్రతా వ్యవస్థకు వీళ్ళు కళ్ళూ చెవులూ అని అధికారులు సభల్లో అంటుంటారు. మంచిదే, నోరు కూడా ఉందని గుర్తిస్తే ఇంకా మంచిది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తుండగా చెన్నైలో చిక్కుకుపోయిన శ్రీకాకుళం, ఒడిశా మత్స్యకారులు కొందరు తలా ఇంత వేసుకుని పడవ కొనుక్కుని, సముద్రం మీదుగా ఇంటిదారి పట్టారు. ఆంధ్రా తీరం ఈ చివర నుంచి ఆ చివరిదాకా దాటి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పోయి, ఇచ్ఛాపురం దగ్గర ఒడ్డెక్కారు. రైళ్ళు లేవు, బస్సులు లేవు, జిల్లా సరిహద్దులో చెక్‌పోస్టు. సముద్రం ఒక్కటే తెరిచి ఉంది. మన తీర భద్రత గురించి ఆ ప్రయాణం చెప్పేది చాలా ఉంది. అంతకన్నా ఎక్కువగా, భద్రత అనే మాట ఎవరి కోసం పుట్టిందో అడుగుతుంది. దేశం అంతా ఇంట్లో సురక్షితంగా ఉండమన్న రోజుల్లో వాళ్ళకు ఇల్లే వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది. మీ సబ్జెక్టులో దీన్ని 'మానవ భద్రత' అని ఒక మూల పెడతారట. మూలన పెట్టే సంగతి కాదు.

మీ సిద్ధాంతం మా తీరానికే వచ్చిన రోజూ ఉంది. 2022 ఆగస్టులో అమెరికా నౌకాదళానికి చెందిన 'చార్లెస్ డ్రూ' అనే సరకుల నౌక మరమ్మతు కోసం మాకు ఉత్తరాన కాట్టుపల్లి షిప్‌యార్డుకు వచ్చింది. అమెరికా నౌకాదళ ఓడ మన దేశంలో బాగుచేయించుకోవడం అదే మొదటిసారి. ఎప్పటికీ కలవరనుకున్న ఇద్దరు ఎలా కలుస్తున్నారో 2006లో మీరు రాశారు. పదహారేళ్ళకు ఆ స్నేహం మా పొరుగున లంగరు వేసింది. నాకు సంతోషమే కలిగింది, దాచను. కానీ అదే కాట్టుపల్లిలో రేవు విస్తరణ వద్దని పళవేర్కాడు (పులికాట్) చుట్టుపక్కల జాలర్లు ఏళ్ళుగా గోల పెడుతున్నారు. తీరం కోసుకుపోతుందని, పులికాట్ సరస్సు ముఖద్వారం దెబ్బతింటుందని వాళ్ళ భయం. అమెరికా ఓడ గురించిన విశ్లేషణ ఢిల్లీ పేపర్లలో వచ్చింది, జాలర్ల ధర్నా మా జిల్లా పేజీలో వచ్చింది. రెండూ ఒకే రేవు గురించి. రెండింటినీ ఒకే వ్యాసంలో కూర్చోబెట్టగల మనిషి కావాలి.

ఈ సముద్రం నుంచి యుద్ధం రావడం మాకు కొత్త కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ 'ఎమ్డెన్' వచ్చి రేవు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు కురిపించి పోయింది. ఊరు సగం ఖాళీ అయిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. మీరు చదివిన విశాఖలో 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' రేవు బయటే మునిగింది. అది 'విక్రాంత్' కోసం వెతుక్కుంటూ వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీ గుట్ట దిగి నడిస్తే బీచి, అక్కడే ఇప్పుడు 'కుర్సురా' జలాంతర్గామి మ్యూజియం, అటు తూర్పు నౌకాదళ కేంద్రం. అంత దగ్గర్లో చదువుకున్నారు కాబట్టే అడుగుతున్నాను. మీ ఆలోచనలో ఆ సముద్రం ఎప్పుడు ప్రవేశించింది? లాబొరేటరీ కిటికీలోంచా, ఢిల్లీ వెళ్ళాక పటంలోంచా? ఇలాంటివి మీ పుస్తకాల్లో దొరకవు. మాకు కావలసింది ఇలాంటివే.

ఒడ్డున ఉండి కూడా ఈ పని చేయొచ్చని చూపినవాళ్ళున్నారు. మద్రాసు యూనివర్సిటీలో దక్షిణ, ఆగ్నేయాసియా అధ్యయన కేంద్రాన్ని మొదలుపెట్టిన వి. సూర్యనారాయణ్ 1994లోనే కచ్చతీవు దీవి మీదా, పాక్ జలసంధి మత్స్యకారుల మీదా పుస్తకం రాశారు. శ్రీలంకతో కుదిరిన 1974, 1976 ఒప్పందాలను తిరగదోడాలని అరవడం సులువు. ఆయన ఆ పని చేయలేదు. ఆ దీవిని శాశ్వత కౌలుకు అడుగుదాం, లైసెన్సుల పద్ధతిలో వేట సాగిద్దాం అన్నారు. మన ట్రాలర్లు అటువైపు ఉత్తర లంక తమిళ జాలర్ల కడుపు కొడుతున్నాయన్న మాట కూడా దాచలేదు. చెన్నైలో కూర్చుని ఆ మాట అనడానికి గుండె కావాలి. మా కాశిమేడు బోట్లు నెల్లూరు తీరంలోకి పోయి అక్కడి జాలర్లతో గొడవపడినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు. పన్నెండు నాటికల్ మైళ్ళ లోపల చట్టం రాష్ట్రానిది. తమిళనాడుది 1983 చట్టం, ఆంధ్రాది 1994 చట్టం. తమిళుడికీ సింహళుడికీ మధ్య గీత గురించి మాట్లాడే నాయకులు, తమిళుడికీ తెలుగువాడికీ మధ్య ఉన్న ఈ గీత దగ్గర నోరెత్తరు. చిన్న స్థాయిలో అదే అంతర్జాతీయ రాజకీయం కాదా?

ఇక ఆ అమ్మాయి దారి. చేపాక్కంలో మద్రాసు యూనివర్సిటీకి డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ శాఖ ఉంది. యూజీసీ నెట్‌లోనూ ఆ పేరుతో సబ్జెక్టు ఉంది. ఉస్మానియాలో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం ఉంది. సముద్రం లేని ఊళ్ళో పెట్టారని నవ్వుకుంటాం గానీ, ఉండటమే గొప్ప. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. తలుపులు లేవని కాదు. తలుపు దాటాక ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు లేరు. పీహెచ్‌డీకి ఎన్నేళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళలో ఇల్లు ఎలా గడుస్తుంది, పరిశోధనా సంస్థలు ఎవరి డబ్బుతో నడుస్తాయి, ఆ డబ్బు రాతను ఎంతవరకు వంచుతుంది, మంత్రిత్వ శాఖతో సన్నిహితంగా ఉంటూ దాన్ని విమర్శించడం ఎలా? చివరి ప్రశ్న నాది. మీరు అధికారానికి మరీ దగ్గరగా నిలబడ్డారని అనేవాళ్ళున్నారు. దగ్గరికి పోకపోతే లోపల ఏం వండుతున్నారో తెలియదని మీరు అనవచ్చు. మీ జవాబు తెలుగులో వినాలని ఉంది.

అందుకని నా కోరిక ఒక్కటే. మీ వృత్తి జీవితాన్ని తెలుగులో రాయండి. రెండు వందల పేజీలు చాలు. విశాఖ వాల్తేరు నుంచి మొదలుపెట్టండి. ఇంగ్లీషులో రాసి అనువాదకుడి చేతిలో పెట్టొద్దు. తెలుగులో తడబడినా పరవాలేదు, కావాలంటే చెప్పి రాయించండి, నా బోటి పంతుళ్ళు అచ్చుతప్పులు దిద్దిపెడతాం. అందులో ఒక అధ్యాయం కాశిమేడులో కూర్చుని రాయండి. దానికోసం మీరు రావాలి.

వచ్చే సమయం కూడా చెప్తాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ రేవులోనే ఉంటాయి. పడవలు నడిపే తండేళ్ళు ఇంజన్లు విప్పుకుని, వలలు అల్లుకుంటూ తీరిగ్గా ఉంటారు, ఎంతసేపైనా మాట్లాడతారు. అయితే శ్రీకాకుళం వాళ్ళు నిషేధం పడగానే ఊళ్ళకు పోతారు కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లో వస్తే మేలు. ఏప్రిల్ ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే ఆరింటికల్లా రేవులో ఉంటే సరిపోతుంది. ప్రశ్నలు ఆ అమ్మాయి రాసి పెట్టుకుంది, మొదటిది ఖైదీల జాబితా గురించి.

ఇట్లు,
రాయపురం తెలుగు పంతులొకడు